వరికి రోగం తెప్పించే ఉద్యోగం

మొక్కల రోగాల శాస్త్రవేత్తనని చెప్పగానే అందరూ తమ ఇంట్లో గులాబీకి మందు అడుగుతారు. పెళ్లిళ్లలో అడిగారు, రైల్లో అడిగారు. ఒకసారి పళ్ల డాక్టరు నా నోరు తెరిపించి మరీ అడిగాడు. కాదనకుండా ఏదో ఒకటి చెప్పేదాన్ని. కానీ సర్వీసులో ఎక్కువ కాలం నేను చేసింది ఆ పని కాదు. ఆరోగ్యంగా ఉన్న వరికి రోగం తెప్పించడం నా ఉద్యోగం.

ఈ మధ్య మా విభాగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి రాయ్‌పూర్ శంకర్ నగర్‌లోని మా ఇంటికి వచ్చింది. "మేడమ్, ఈ పని అసలు ఎలా ఉంటుంది?" అని అడిగింది. టీ ఇచ్చి, తోట చూపించి పంపేశాను. జవాబు చెప్పాలంటే పద్మజ గురించి చెప్పాలి. అప్పుడు నోరు రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్లు, సెమినార్లు, శాలువాలు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పడానికి వేరేవాళ్లు చాలామంది ఉన్నారు.

కత్తెర

కొత్త వరి రకాలు తయారుచేసేవాళ్లను బ్రీడర్లంటారు. ఒక వరిని ఇంకో వరితో కలిపి, పుట్టిన మొక్కల్లోంచి మంచివి ఏరుకుంటూ ఏళ్ల తరబడి పనిచేస్తే ఒక రకం చేతికొస్తుంది. అది రైతు దగ్గరికి వెళ్లే ముందు మా దగ్గరికి వస్తుంది. మేం దానికి కావాలని రోగం అంటిస్తాం. తట్టుకుంటే ముందుకు పోతుంది, లేకపోతే అక్కడితో సరి.

నా వంతు ఆకు ఎండు తెగులు. బాక్టీరియాతో వచ్చేది. ఆ బాక్టీరియాను లాబ్‌లో పెంచి నీళ్లలో కలిపితే పల్చటి పాలలా ఉంటుంది. కత్తెరను అందులో ముంచి వరి ఆకుల కొసలు కత్తిరించాలి. రెండు వారాలాగి వెళ్లి చూడాలి. గట్టి రకమైతే కత్తిరించిన చోట కాస్త గోధుమరంగు మచ్చ పడి ఆగిపోతుంది. బలహీనమైనదైతే ఆకు అంచుల వెంట పసుపు చార అలలు అలలుగా కిందికి దిగుతుంది. తర్వాత ఆకు గడ్డిలా ఎండుతుంది. ఎంత పొడవు ఎండిందో కొలిచి రాయడమే మా పని.

చేరిన కొత్తలో మా విభాగాధిపతి మిశ్రా సార్ నాకు ఒక మాట చెప్పారు. "దేఖియే, ఆకు చెప్పింది రాయండి. బ్రీడర్ ముఖం చూసి రాయకండి." ఆయన మంచి గురువు. ఆ మాట నేను మరిచిపోలేదు. తర్వాత ఆయనే మరిచిపోయారు. అది ముందుముందు చెబుతాను.

బ్రేక్ వ్యాన్‌లో వచ్చిన మొక్కలు

మాది విజయనగరం వైపు. నాన్న గూడ్స్ రైలు గార్డు. రాయ్‌పూర్ నుంచి రాయగడ, పార్వతీపురం మీదుగా వెళ్లే లైన్లో డ్యూటీ. ఏ స్టేషన్లో బండి ఆగినా ఆ స్టేషన్ మాస్టరు క్వార్టర్ ముందున్న మొక్క కొమ్మ అడిగి, తడి గోనెలో చుట్టి, బండి చివర తను కూర్చునే బ్రేక్ వ్యాన్‌లో పెట్టుకొచ్చేవాడు. "ఏటే సుగుణా, ఇది బతుకుతాదా?" అంటూ నా చేతికే ఇచ్చేవాడు. ఆ మొక్కల పేర్లు మాకు తెలిసేవి కావు. స్టేషన్ పేర్లే పెట్టేవాళ్లం. టిట్లాగఢ్ మందారం, పార్వతీపురం మల్లె.

నేను చదివిన చదువుకు అదే మూలం. కానీ చిత్రమేమిటంటే, ఉద్యోగంలో చేరాక నా తోటకు శాస్త్రం తీసుకురాలేదు. పొలంలో రోజంతా ఆకులు కొలిచి వచ్చి, ఇంట్లో ఆకు మీద మచ్చ కనిపిస్తే కొలవాలనిపించేది కాదు. ఆ ఆకు గిల్లి, నీళ్లు పోసి ఊరుకునేదాన్ని. కొత్తవాళ్లకు ఈ ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. మీరు కొలవని మొక్కలు కొన్ని ఇంట్లో ఉంచుకోండి. లేకపోతే ఈ ఉద్యోగం మొక్కల మీద మీకున్న ఇష్టాన్ని తినేస్తుంది.

పద్మ

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన ఏడాదే నేను రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేరాను. కొన్నేళ్ల తర్వాత పద్మజ బ్రీడర్‌గా వచ్చింది. మూలం కరీంనగర్ వైపు. తండ్రి భిలాయిలో ఉక్కు పని చేసి పోయాడు. పెళ్లి వద్దనుకుంది. తల్లితో రాయ్‌పూర్‌లోనే తెలీబంధాలో ఉండేది.

మొదటి రోజు క్యాంటీన్లో నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మీరు తెలుగోళ్లా? ఏ ఊరు? మీ మాట పాటలెక్క ఉన్నది" అంది.

"మాది విజీనారం. మీదేటి?"

"ఏటి అంటే నది గదా!" అని పకపకా నవ్వింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం కలిసే తినేవాళ్లం. ఆమె తెలంగాణ తెలుగు, నా ఉత్తరాంధ్ర తెలుగు, ఇద్దరికీ మాట దొరకనప్పుడు రాయ్‌పూర్ హిందీ. ఆ క్యాంపస్‌లో మా ఇద్దరికీ తప్ప ఎవరికీ అర్థంకాని భాష అది. ఎవరినైనా తిట్టుకోవాలంటే ఎంతో హాయిగా ఉండేది.

పద్మ పెట్టుకున్న పని దుబరాజ్. ఇక్కడి పాత సువాసన వరి అది. ఒక ఇంట్లో వండితే పక్కింటికి తెలుస్తుంది. కానీ మొక్క మనిషెత్తు పెరిగి గాలికి పడిపోతుంది, పంట ఆలస్యంగా వస్తుంది. అందుకే రైతులు వదిలేస్తూ వచ్చారు. ఆ వాసన చెడకుండా మొక్కను పొట్టి చెయ్యాలి, పంట తొందరగా రావాలి. పద్మ పొద్దున్నే పొలంలో కూర్చుని, పువ్వు విచ్చకముందే పట్టకారులాంటి చిన్న చిమటాతో లోపలి పుప్పొడి తిత్తులు తీసేసి, వేరే వరి పుప్పొడి రాల్చి, కాగితపు సంచి తొడిగేది. వంగి వంగి ఆమెకు నడుము నొప్పి పట్టుకుంది. "అక్కా, ఇగ నేను గూడ పొట్టి రకమే" అనేది.

ఏళ్లు గడిచాక, తరం తరం ఒకే గుణంతో పండే మొక్కల వరస ఒకటి నిలబడింది. నడుమెత్తు మొక్క, గట్టి కాడ, సన్నగింజ, పూర్తి వాసన. నా పరీక్షల్లో కూడా మొదటి సంవత్సరాలు బాగానే నెగ్గింది. ఇంకొక్క ఏడు గడిస్తే విడుదలకు పంపొచ్చు అన్నారు.

అభన్‌పూర్ దాటాక

ఆ వానాకాలమే అభన్‌పూర్ దాటాక కాలువ పక్క ఊరి నుంచి కబురొచ్చింది. వెళ్లాను. తులసీరామ్ అనే రైతు పొలం, అతని భార్య గట్టు మీద నిలబడి ఉంది. చేను చేనంతా కొసల నుంచి తెల్లబారిపోయింది. ఒక ఆకు తుంచి గ్లాసు నీళ్లలో ముంచాను. తెగిన చోటు నుంచి పాలదారం లాంటిది సన్నగా నీళ్లలోకి దిగింది. బాక్టీరియా.

"డాక్టర్ దీదీ, ఏం దవా కొట్టాలి?" అని ఆమె అడిగింది.

"దీనికి మందు లేదమ్మా. నీళ్లు తీసేయండి, యూరియా ఆపండి."

"అంత దూరం చదివారు, మందు లేదంటారేం?"

నేను వచ్చేశాక వాళ్లు దుకాణంలో దొరికిన మందులన్నీ కొట్టారట. గింజ పాలు పోసుకోకముందే చేను ఎండింది. కోసి పశువులకు వేశారు. మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు ఇంటికి తాళం ఉంది. ఇటుక బట్టీల పనికి దూరం పోయారని పక్కవాళ్లు చెప్పారు.

తులసీరామ్ వేసిన వరి అప్పటివరకూ ఈ తెగులును కాస్త తట్టుకుంటుందని పేరున్నదే. మరి ఎందుకు పడిపోయింది? ఆ ఆకుల నుంచి బాక్టీరియా తీసి లాబ్‌లో పెంచి చూశాను. మా దగ్గరున్న పాత బాక్టీరియా రకాలకన్నా ఇది మొండిది. దాన్ని నా పరీక్షలో చేర్చాను. పద్మ వరసకూ అంటించాను.

పసుపు చార

మొదట చూసినప్పుడు ఎక్కడో పొరపాటు జరిగిందనుకున్నాను. మళ్లీ వేరే మొక్కలకు అంటించాను. మళ్లీ అదే. పసుపు చార అంచుల వెంట దిగి, ఆకు అడుగు దాకా పోయింది.

ముందు పద్మకే చెప్పాను. పరీక్ష మొక్కలుండే నెట్‌హౌస్‌కు తీసుకెళ్లి చూపించాను. ఆమె మడిలో దిగి ఒక్కో ఆకూ వేళ్ల మధ్య పెట్టుకుని చూసింది.

"ఇది నా వరేనా అక్కా? కలిసిపోలేదు గదా?"

"నీదే పద్మా. నేనే నాటాను."

"ఈ కొత్త రోగం ఒక్క ఊర్ల కనబడ్డది. అంతే గదా?"

"ఇప్పటికి అంతే."

"మరి ఇంక ఇరవై ఊర్లకు పోతదని నువ్వెట్ల చెప్తవ్?"

"పోదని కూడా చెప్పలేను."

మడిలోంచి పైకి రావడానికి చెయ్యి ఇచ్చాను. పట్టుకోలేదు.

తర్వాత మిశ్రా సార్ పిలిచారు. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. "సుగుణా జీ, నిబంధనల ప్రకారం పాత బాక్టీరియాతో పరీక్ష చాలు. ఆ ఫలితం పంపండి. కొత్తది మీ సొంత పరిశోధన, అది వేరే రాసుకోండి. మీరు అబద్ధం చెప్పినట్టూ కాదు, ఆ అమ్మాయి కష్టం పోయినట్టూ కాదు."

ఆయన లంచగొండి కాదు. పద్మ మీద దయతోనే అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు, నిబంధన నిజంగానే అలా ఉంది. కొత్తవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. ఈ ఉద్యోగంలో మీ మీద ఒత్తిడి దుర్మార్గుడి రూపంలో రాదు. మీకు పని నేర్పినవాడి రూపంలో, టీ కప్పుతో వస్తుంది.

"సార్, ఆకు చెప్పింది రాయమన్నది మీరే" అన్నాను.

ఆయన కిటికీ వైపు చూస్తూ, "అవును, అప్పుడు నాకు వయసు తక్కువ" అన్నారు.

రెండు ఫలితాలూ పంపాను. పద్మ వరస ఆగిపోయింది.

"ఆప్"

ఆ తర్వాత పద్మ నాతో గొడవ పడలేదు. మాట్లాడటం కూడా మానలేదు. తెలుగు మానేసింది.

వరండాలో ఎదురైతే, "నమస్తే మేడమ్, ఆప్ కైసీ హై?" అనేది. ఎంతో మర్యాదగా. నేను తెలుగులో జవాబిస్తే హిందీలోనే ముగించి వెళ్లిపోయేది. అన్నం తన గదిలోనే తినేది. తిట్టి ఉంటే భరించేదాన్ని. ఆ "ఆప్" అన్న హిందీ 'మీరు' మాత్రం ఏ రోజుకారోజు కొత్తగా తగిలేది.

ఆమె ఊరికే కూర్చోలేదు. అదే వరసను, తెగులు తట్టుకునే మరో వరితో కలిపి మళ్లీ మొదలుపెట్టింది. అంటే మళ్లీ కొన్నేళ్లు. నడుము నొప్పి, చిమటా, కాగితపు సంచులు. పరీక్షకు గింజలు అటెండరుతో పంపేది, తను వచ్చేది కాదు.

ఇంకా చేదు సంగతి ఏమిటంటే, ఆ మొండి బాక్టీరియా తర్వాత సంవత్సరాల్లో పెద్దగా పాకలేదు. ఎందుకో నాకు తెలియదు. వానలు కలిసిరాలేదేమో, గాలులు తగ్గాయేమో. ఒక మీటింగ్‌లో ఎవరో నవ్వుతూ, "మేడమ్, మీ భూతం ఎక్కడ?" అన్నారు. పద్మ అక్కడే ఉంది, నవ్వలేదు. ఆ వరి విడుదలై ఉంటే ఆ ఏళ్లన్నీ రైతులు హాయిగా పండించుకునేవాళ్లేమో. లేక తులసీరామ్ లాంటివాళ్లు ఇంకా కొన్ని వందల మంది అయ్యేవాళ్లేమో. వచ్చిన రోగం అందరికీ కనిపిస్తుంది. రాని రోగానికి సాక్ష్యం ఉండదు. నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. నిరూపించలేను.

ఆ రోజుల్లో సాయంత్రాలు తోటలోనే గడిపాను. మా ఆయన ఒకసారి చూసి, "మట్టి అంతలా తవ్వేస్తున్నావు, ఏటి పాతిపెట్టాలనే?" అన్నాడు.

తెలీబంధా

నా రిటైర్మెంటు దగ్గరపడుతుండగా ఒక పొద్దున ఫోనొచ్చింది.

"బిడ్డా, నేను పద్మ అమ్మను. దానికి మంచిగ లేదు. క్యాన్సరట. నీకు చెప్పద్దన్నది. నేనే చేస్తున్న."

వెంటనే వెళ్లాను. మూడో అంతస్తులో ఇల్లు. బాల్కనీ నిండా కుండీలు. వాటి మధ్య కుర్చీలో తలకు గుడ్డ కట్టుకుని పద్మ. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి లేవబోయి, "ఆయియే మేడమ్, బైఠియే" అంది.

లోపలి నుంచి వాళ్లమ్మ అరిచింది. "ఇంట్ల హిందీ ఏందే? అక్కొస్తే గట్లనేనా మాట్లాడేది?"

పద్మ ముఖం ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేను కుండీల మధ్య నేల మీద కూర్చుండిపోయాను.

"నీ మీద కోపం కాదక్కా" అంది కాసేపటికి. "నువ్వు రాసింది నిజమని ఆ రోజు మడిలనే తెలుసు. కానీ నీ తెలుగు ఇంటే నా వరి యాదికొచ్చేది. రోజు యాదికొస్తే పని చెయ్యలేను. అందుకే బంద్ పెట్టిన."

"నాకు చెప్పాల్సింది పద్మా."

"చెప్తే నువ్వు ఏడ్చేదానివి. నిన్ను ఓదార్చుకుంట కూసుంటే పొలానికెవరు పోతరు?"

అప్పటి నుంచి పొద్దుపొద్దున్నే తెలీబంధా వెళ్లేదాన్ని. ఆసుపత్రి రోజుల్లో తోడు, మామూలు రోజుల్లో కుండీల పని. ఆమె కుర్చీలోంచి చెప్పేది, నేను చేసేదాన్ని. ఏ మొక్కకు ఏ రోగమో మేం మాట్లాడుకోలేదు. పువ్వు పూసిందా లేదా, అంతే.

ఆ వానాకాలం ఆమె కొత్త మొక్కలు నా పరీక్షకు వచ్చాయి. "కత్తెర పట్టు అక్కా. పాత రోగం కాదు, అభన్‌పూర్‌దే పెట్టు. దయ చూపియ్యకు" అంది. అదే అంటించాను. చాలా మొక్కలు పోయాయి. కొన్ని నిలబడ్డాయి. కొస దగ్గర చిన్న మచ్చ పడి ఆగిపోయింది. మడిలోంచే పద్మకు ఫోన్ చేసి చెప్పాను. "మళ్లా చెప్పు" అంది. మళ్లీ చెప్పాను.

అన్నం

కోతలయ్యాక ఆ నిలబడ్డ మొక్కల నుంచి విత్తనానికి కావలసింది విడివిడిగా పక్కన పెట్టి, మిగిలినవి కలిపి దంచించాను. చిన్న గిన్నెడు బియ్యం. దారిలో నాలుగు గింజలు కొరికి చూశాను. వాసన తెలియలేదు. ఉడికితే వస్తుందిలే అనుకున్నాను.

మధ్యాహ్నం తెలీబంధాలో పద్మ వాళ్లమ్మ వండింది. కుక్కర్ వద్దని పొయ్యి మీద గిన్నె పెట్టింది. మందుల వల్ల అప్పటికి పద్మకు రుచీ వాసనా పూర్తిగా పోయాయి. నోట్లో ఇనుము పెట్టుకున్నట్టుందనేది. అన్నం ఉడుకుతుంటే ఆవిరి హాల్లోకి వచ్చింది. పద్మ మంచం మీద లేచి కూర్చుంది.

"అమ్మా, వాసన వస్తున్నదా?"

"వస్తలేదా మరి! ఇల్లంత నిండింది బిడ్డా. కింది ఇంటోళ్లు గూడ అడుగుతరు సూడు" అంది అమ్మ, వంటింట్లోంచి.

పద్మ నా వైపు తిరిగింది.

"అక్కా, నువ్వు చెప్పు."

ఆ గదిలో అన్నం ఆవిరి ఉంది. మామూలు బియ్యం ఆవిరి. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి, పద్మకు కనబడకుండా నాకు తల ఊపింది. వస్తున్నదని చెప్పు, అని. చెప్పొచ్చు. ఎవరికీ నష్టం లేదు. ఏ రైతు చేనూ ఎండదు.

"లేదు పద్మా" అన్నాను. "రావడం లేదు."

ఆమె గోడకు ఆనుకుంది.

"అమ్మ నా కోసం చెప్తదని తెలుసు. అందుకే నిన్నడిగిన" అంది. మళ్లీ, "అన్నీ కలిపి వండినవ్ గదా? ఒక్కో మొక్క గింజ విడిగ చూడు. ఏదో ఒకదాంట్ల ఉండొచ్చు."

"చూస్తాను."

"రోగానికి ఓర్చుకుంటది గదా. పారెయ్యకుర్రి."

అమ్మ పప్పుతో కలిపి పెట్టింది. పద్మ రెండు ముద్దలు తిని, చాలంది.

విడివిడిగా అన్ని మొక్కల గింజలూ చూశాను. ఏ ఒక్కదానిలోనూ వాసన లేదు. తెగులు తట్టుకునే గుణం కోసం ఏరుకుంటూ వచ్చిన దారిలో ఎక్కడో అది జారిపోయింది. ఆ సంగతి పద్మకు చెప్పాల్సిన అవసరం రాలేదు. నా పని పూర్తయ్యేసరికి ఆమె లేదు.

కుండీలు

ఆమె పోస్టు చాలాకాలం ఖాళీగా ఉంది. తర్వాత వచ్చిన బ్రీడరు వేరే పంట చూసుకుంటున్నాడు. అతన్ని తప్పు పట్టను. ఒకరి సగం పనిని తలకెత్తుకోవడానికి అందరికీ మనసొప్పదు. నేనూ రిటైరయ్యాను. పద్మ గింజలు కోల్డ్ స్టోరేజ్‌లో ఉన్నాయి. వాసన ఉండి రోగానికి పడిపోయేవి ఒక సంచిలో, రోగానికి నిలబడి వాసన లేనివి ఇంకో సంచిలో. ఈ రెండింటినీ మళ్లీ కలపాలనుకునే పిచ్చివాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఆమె పేరు చెప్పి అడగండి.

పద్మ వాళ్లమ్మ రాయ్‌పూర్ వదిలి కరీంనగర్‌లో తన తమ్ముడి దగ్గరికి బయల్దేరింది. కుండీలు నన్ను తీసుకుపొమ్మంది. ఆటో మాట్లాడుకుని వెళ్లాను. ఇద్దరం ఒక్కొక్కటే కిందికి దించాం. ఆఖరి కుండీ నా ఒళ్లో పెట్టి, ఆటో కమ్మీ పట్టుకుని నిలబడింది. నేను వాసన లేదన్న ఆ రోజు సంగతి మేం అప్పటివరకూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"నువ్వు అబద్ధమాడవని పద్మ ఎప్పుడు చెప్పేది. మంచిదే" అంది. "కానీ బిడ్డా, ఆ పొద్దు నేను వండింది అన్నం. నీ పరీక్ష కాదు."

కోపంగా అనలేదు. చీర కొంగుతో నా ఒళ్లోని కుండీకి అంటిన మట్టి తుడిచింది. ఆటోవాడు బండి స్టార్ట్ చేశాడు. ఇంటికి చేరేదాకా కుండీలు పడిపోకుండా పట్టుకుని కూర్చున్నాను.